రాత్రిళ్ళు కాళ్ళు నిలవనివ్వకపోతే

పగలంతా ఏ గొడవా ఉండదు. వంటిల్లు, పెరడు, బజారు, పిల్లల బడి, ఎన్నిసార్లు తిప్పినా కాళ్ళు కిక్కురుమనకుండా తిరుగుతాయి. రాత్రి అంట్లు సర్ది, పాలు తోడుపెట్టి, గ్యాసు కట్టేశామో లేదో ఇంకోసారి చూసుకుని, అమ్మయ్య అని నడుం వాల్చామా, అప్పుడు మొదలవుతుంది. పిక్కల లోపలెక్కడో చీమలు పాకుతున్నట్టు, ఎవరో నరం పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టు, ఎముక లోపల దురద పుట్టినట్టు. నొప్పి అందామంటే నొప్పి కాదు, తిమ్మిరి అందామంటే తిమ్మిరి కాదు. కాలు ఒక్కసారి జాడిస్తే హాయిగా ఉంటుంది. ఆపిన అర నిమిషానికి మళ్ళీ మామూలే. చివరికి లేచి కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరగడం, ఏ మూడింటికో నాలుగింటికో కునుకు పట్టడం, ఐదింటికల్లా పాలవాడు బెల్లు కొట్టడం.

ఈ బాధ గురించి రాయమని అడిగిన అక్కయ్యలూ చెల్లెళ్ళూ చాలామందే ఉన్నారు. మా గోదావరి వైపు వాళ్ళు కాళ్ళు పీకుతున్నాయి, లాగుతున్నాయి అంటే, తెలంగాణ వాళ్ళు గుంజుతున్నయి అంటారు. అన్నీ ఒకటేనా అంటే కాదు, అక్కడే ఉంది తిరకాసు. ఒకదానికి పనికొచ్చే చిట్కా ఇంకోదానికి పనికిరాదు. అందుకని ముందు ఏది ఏమిటో కాస్త తేల్చుకుందాం.

నేను చెప్పే కాళ్ళ గొడవకి నాలుగు గుర్తులు ఉంటాయి. కాళ్ళు కదపాలని ఆపుకోలేనంతగా అనిపించడం మొదటిది. కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో రావడం, లేచి నడిస్తే ఆ కాసేపైనా తగ్గడం, పగటికంటే సాయంత్రానికీ రాత్రికీ ఎక్కువవడం మిగతా మూడూ. ఈ నాలుగూ కలిసి ఉంటే దాన్ని డాక్టర్లు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇదేదో ఈ కాలం రోగం అనుకోకండి. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడట. ఆ తరవాత స్వీడన్ దేశపు ఎక్‌బామ్ అనే డాక్టరు 1945లో దీన్ని వివరంగా రాసి ఈ పేరు పెట్టాడు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది దాదాపు రెండింతలు కనిపిస్తుంది. కొన్ని ఇళ్ళల్లో అమ్మకి ఉంటే కూతురికీ వస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ బాధ ఉన్నవాళ్ళలో చాలామంది నోరు విప్పి చెప్పుకోరు. చెప్పినా వినేవాళ్ళు లేరు. "కాళ్ళు ఊపకే, లక్ష్మి నిలవదు" అని చిన్నప్పటినుంచీ మొట్టికాయలు తిన్నవాళ్ళం. పెద్దయ్యాక నాకు కాళ్ళు ఊపకపోతే ప్రాణం నిలవడం లేదు అంటే ఎవరు నమ్ముతారు? పని లేక నిద్ర పట్టడం లేదంటారు. మనసు బాగాలేదేమో అంటారు. పైకి వాపు ఉండదు, ఎర్రబడదు, ఎక్స్‌రేలో కనపడదు. పాపం ఆ మనిషికి కూడా తనకి నిజంగా ఏదైనా ఉందా, లేక ఊరికే అలా అనిపిస్తోందా అని అనుమానం పట్టుకుంటుంది. నిజంగానే ఉందమ్మా. మెదడులో డోపమైన్ అనే పదార్థం ఒకటి ఉంటుంది, మన కదలికలన్నీ సాఫీగా సాగడానికి అది కావాలి. అది పనిచేసే తీరులో తేడా వస్తే ఇలా కాళ్ళు తిప్పలు పెడతాయని డాక్టర్లు చెప్తారు. సాయంత్రం అయ్యేకొద్దీ దాని జోరు తగ్గుతుంది, అందుకే రాత్రిళ్ళు ఈ బాధ.

ఇక ఇది కానివి. అర్ధరాత్రి ఉన్నట్టుండి పిక్క రాయిలా గట్టిపడి, అమ్మా అని అరిచేంత నొప్పి వస్తే అది పిక్క పట్టేయడం. కాలు చాపి, పాదం వేళ్ళని మన వైపుకి లాక్కుని కాసేపు పట్టుకుంటే వదులుతుంది. అరికాళ్ళు మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు వస్తాయి. నడిచినా తగ్గవు. ఉబ్బు నరాలు, అదే వేరికోస్ ఉన్నవాళ్ళకి రోజంతా నిలబడితే కాళ్ళు బరువెక్కి లాగుతాయి, కాళ్ళు ఎత్తున పెట్టుకుని పడుకుంటే తగ్గుతాయి. చూశారా, మనదానికి సరిగ్గా తిరగబాటు. పడుకుంటే పెరిగేది మనది, పడుకుంటే తగ్గేది అది. ఇవన్నీ ఒక ఎత్తు. ఒకే ఒక్క కాలు వాచి, వేడిగా ఉండి, పిక్క ముట్టుకుంటే నొప్పిగా ఉంటే మాత్రం దానికి నూనె రాసి మర్దన చేయకూడదు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, రేపటిదాకా ఆగేది కాదు.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే ఉపశమనాలు.

అన్నిటికంటే ముందు నీళ్ళు. పడుకోబోయే ముందు బకెట్‌లో మోకాళ్ళ కిందిదాకా వచ్చేలా గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పావుగంట, ఇరవై నిమిషాలు కాళ్ళు పెట్టుకుని కూర్చోండి. గుప్పెడు రాళ్ళ ఉప్పు వేయాలా వద్దా అని అడుగుతారు. వేసుకోండి, నష్టం లేదు. పని చేసేది మాత్రం వేడే. మందుల షాపులో వందలు పోసి కొనే ఎప్సమ్ సాల్ట్ కూడా అంతే, అది లేకపోతే జరగదని ఏమీ లేదు. కొంతమందికి వేడి పడదు, చల్లటి నీళ్ళే హాయిగా ఉంటాయి. వాళ్ళు పంపు కింద రెండు నిమిషాలు కాళ్ళు పెట్టుకుని తుడుచుకుంటే చాలు. మీకు ఏది పడుతుందో మీ కాళ్ళే చెప్తాయి, నాలుగు రోజులు అదీ నాలుగు రోజులు ఇదీ చేసి చూడండి. షుగరు ఉన్నవాళ్ళు మాత్రం నీళ్ళ వేడి తమ కాలితో చూసుకోకూడదు. స్పర్శ తగ్గిన కాలికి కాలేదాకా తెలియదు. ఇంట్లో ఇంకొకరి చేత చెయ్యి పెట్టించి చూపించుకోవాలి. వేడినీళ్ళ సీసాలు, కరెంటు ప్యాడ్లు వాళ్ళు ముట్టుకోకపోవడమే మంచిది.

తరవాత మర్దన. నువ్వుల నూనె కాస్త వెచ్చచేసి, మడమ దగ్గర్నుంచి మోకాలి వైపుకి, కిందనుంచి పైకి, ఒక్కో కాలికి ఐదారు నిమిషాలు. మరీ బలం పెట్టక్కర్లేదు. మనకి కాళ్ళెవరు పడతారు అంటారా? ఇంటిల్లిపాదికీ మనం పట్టాలి గానీ మనకి పట్టేవాళ్ళు ఉండరు, అదీ నిజమే. మన చేత్తో మనమే చేసుకున్నా ఫలితం ఉంటుంది. చిన్నపిల్లలుంటే బోర్లా పడుకుని పిక్కల మీద తొక్కించుకోవడం మన అమ్మమ్మల నాటి పద్ధతి, పిల్లలకీ సరదాగానే ఉంటుంది. ఆరేడేళ్ళ లోపు పిల్లలైతే సరే, ఇంటర్ చదివే అబ్బాయిని ఎక్కించుకోకండి. ఆముదం అరికాళ్ళకి రాస్తే చలవ అంటారు. రాసుకోవచ్చు, అయితే ఈ కాళ్ళ బాధకి ఆముదంలో ప్రత్యేకమైన మందేదీ ఉన్నట్టు కాదు, రాసేటప్పుడు జరిగే మర్దనే ఉపశమనం. ఇంకో సంగతి. నూనె కాళ్ళతో అర్ధరాత్రి లేచి ఈ నున్నటి టైల్స్ మీద అడుగేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మన బాధే లేచి తిరిగే బాధ కదా. పాత తువ్వాలుతో అరికాళ్ళు బాగా తుడుచుకునే పడుకోవాలి.

పాత చీర ముక్క చింపి పిక్కలకి చుట్టుకోవడం చాలా ఇళ్ళల్లో చూస్తూంటాం. కాస్త ఒత్తిడి పడితే హాయిగా ఉండడం నిజమే. రెండు వేళ్ళు దూరేంత వదులుగా చుట్టుకుని, నిద్ర వచ్చే వేళకి విప్పేయండి. తాడులా పేని బిగించి కట్టడం, దానితోనే తెల్లవార్లూ పడుకోవడం పనికిరాదు. కాళ్ళు వాచినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు అసలు కట్టుకోవద్దు.

సాగదీత కూడా మంచిదే. గోడకి రెండు చేతులూ ఆనించి, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, వెనక కాలి మడమ నేలనుంచి లేవకుండా ముందుకి వంగండి. పిక్క సాగినట్టు తెలుస్తుంది. మనసులో ముప్పై లెక్కపెట్టి వదిలి, కాలు మార్చండి. ఒక్కో కాలికి మూడుసార్లు. చీర కట్టుతోనే చేసుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు. రోజూ పొద్దున్నో సాయంత్రమో అరగంట నడిచేవాళ్ళకి ఈ బాధ తక్కువగా ఉంటుంది. అలాగని రాత్రి తొమ్మిదింటికి వగర్చేలా నడిచినా, బరువు పనులు చేసినా ఎదురు తిరుగుతుంది.

నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. బాధ వచ్చేది సాయంత్రం నుంచి కదా. అందుకని కూర్చుని చేసే పనులు పొద్దుటికీ, నిలబడి చేసే పనులు సాయంత్రానికీ మార్చుకోండి. మిషను కుట్టడం, చిట్టా పద్దులు, పప్పులు ఏరుకోవడం పదకొండింటిలోపు పెట్టుకుని, బట్టల ఇస్త్రీ, అలమారు సర్దడం, మొక్కలకి నీళ్ళు ఆరు దాటాక పెట్టుకుంటే కాళ్ళకి కదలిక ఉంటుంది. టీవీ చూడాలంటే నిలబడి ఇస్త్రీ చేసుకుంటూ చూడండి. ఇంకో చిత్రం ఏమిటంటే, మనసు లగ్నమయ్యే పనిలో ఉంటే ఈ బాధ తెలియదు. ఊరికే టీవీ ముందు కూర్చుంటే వస్తుంది. అదే మల్లెమొగ్గలు మాల కడుతున్నా, గళ్ళనుడికట్టు పూరిస్తున్నా, లేసు అల్లుతున్నా రాదు, వచ్చినా తక్కువ. బస్సులో హైదరాబాదు రాత్రి ప్రయాణం ఇలాంటివాళ్ళకి నరకం. కిటికీ పక్క సీటు కావాలని పోటీ పడకుండా నడవ పక్కది తీసుకోండి, కాలు చాపుకోవచ్చు, బస్సు ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు వేయొచ్చు. అల్లికపని ఏదైనా సంచిలో వేసుకోండి. వీలుంటే పగటి రైలే నయం.

కాఫీ సంగతి చెప్తే నామీద కోపం వస్తుంది, అయినా చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ, టీ మానేసి రెండు వారాలు చూడండి. సాయంత్రం నాలుగింటి డికాక్షన్ కాఫీ లేకపోతే తల పగిలిపోతుంది అనేవాళ్ళున్నారు, మూడు నాలుగు రోజులు పగులుతుంది, తరవాత సర్దుకుంటుంది. కూల్‌డ్రింకుల్లో, చాక్లెట్లలో కూడా కాఫీలో ఉండే కెఫీన్ ఉంటుంది. ఇంట్లో మగవాళ్ళకి ఈ బాధ ఉంటే సిగరెట్టూ మందూ కూడా దీన్ని పెంచుతాయని చెవిన వేయండి. వింటారో వినరో వాళ్ళిష్టం.

ఇక పక్క దుప్పటి కింద సబ్బు పెట్టుకోవడం, పడుకునే ముందు రెండు అరటిపళ్ళు తినడం లాంటివి. అరటిపండు మంచిదే, తినండి, కాళ్ళ కోసం మాత్రం కాదు. సబ్బు బట్టలకి వాడుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆ రాత్రి గట్టెక్కడానికి. అసలు సంగతి ఇంకోటుంది. మా చిన్న తోడికోడలి విషయం చెప్తాను.

తనకి ముప్పై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళపాటు రాత్రి నిద్ర అన్నది ఎరగదు. మా మరిది మొదట విసుక్కుని, తరవాత చాప తీసుకుని హాల్లోకి మకాం మార్చాడు. ఒకసారి పొద్దున్నే పాలు స్టవ్ మీద పెట్టి, నిలబడే కునుకు తీసింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు వస్తూనే ఉంది. పక్కవాటా ఆవిడ వాసన పసిగట్టి పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఒక డాక్టరు నరాల బలహీనత అని వారానికొకటి చొప్పున బలం ఇంజెక్షన్లు పొడిచాడు. డబ్బులైపోయాయి గానీ కాళ్ళు కాళ్ళే. ఏ పరీక్షా రాయలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. తరవాత మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం వచ్చి ఇంకో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, "నెలసరి ఎన్ని రోజులుంటుందమ్మా?" అని. మా తోడికోడలికి ఎనిమిది రోజులు, అదీ బాగా ఎక్కువగా. ఏళ్ళ తరబడి అంతే కాబట్టి అందరికీ అలాగే ఉంటుందనుకుంది. హిమోగ్లోబిన్ చూస్తే 8.6. ఫెరిటిన్ అని ఇంకో పరీక్ష చేయిస్తే 6. ఆవిడ ముందు ఆ రక్తస్రావానికి వైద్యం చేసి, ఐరన్ మాత్రలు రాసింది. మొదటి నెల ఏమీ తెలియలేదు. రెండో నెల దాటాక కాళ్ళ పీకుడు వారానికి రెండు మూడు రాత్రులకి దిగింది. ఇప్పుడూ పూర్తిగా పోలేదు, బస్సెక్కితే వస్తుంది. నిద్ర మాత్రం పడుతోంది, మరిది చాప అటకెక్కింది.

కాళ్ళకీ రక్తానికీ ఏమిటి సంబంధం అంటే, మెదడులో ఆ డోపమైన్ సరిగ్గా తయారై పనిచేయాలంటే ఇనుము కావాలి. ఇనుము నిల్వలు అడుగంటితే కాళ్ళు ఇలా మొర పెడతాయి. మన ఆడవాళ్ళలో ఇనుము సరిగ్గా ఉన్నవాళ్ళు ఎంతమంది చెప్పండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది దాకా, తెలంగాణలో 58 మంది దాకా తేలారు. అంటే నలుగురు కూర్చుంటే ఇద్దరికి పైనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చదవండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా లోపల నిల్వ ఖాళీగా ఉండొచ్చు. బియ్యం డబ్బాలో గిన్నెడు ఉన్నాయి కదా అనుకుంటాం, మేడ మీద బస్తా ఖాళీ అయిన సంగతి చూసుకోం. ఆ బస్తా లెక్క చెప్పేదే సీరం ఫెరిటిన్ పరీక్ష. చాలా ల్యాబుల కాగితాల మీద ఆడవాళ్ళకి 10, 15 దగ్గర్నుంచే మామూలు అని అచ్చేసి ఉంటుంది. 20 వచ్చింది కాబట్టి నార్మల్ అని కాగితం మడిచి పెట్టేస్తారు. ఈ కాళ్ళ బాధ ఉన్నవాళ్ళకి మాత్రం 75, అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడాలని ఈ జబ్బు చూసే పెద్ద డాక్టర్లు చెప్తున్నారు. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కాళ్ళ సంగతి కూడా చెప్పి, "ఫెరిటిన్ చూడమంటారా అండీ" అని అడగండి. అడగడంలో తప్పు లేదు, సిగ్గూ లేదు.

పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగకండి. అందరికీ ఇనుము తక్కువే ఉండదు, తలసేమియా లాంటివి ఉన్న ఇళ్ళల్లో ఎక్కువై ముప్పు తెస్తుంది. మాత్రలు వాడుతున్నప్పుడు విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. మలబద్ధకం చేస్తే, కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టరుకి చెప్పి రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి. మాత్ర వేసుకున్నాక గంట, రెండు గంటలు పాలు, కాఫీ, టీ వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. ఆ మాత్రలు ఎర్రగా గోళీల్లా ఉంటాయి, పసిపిల్లలు బిళ్ళలనుకుని నాలుగైదు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. అలమారు పై అరలో పెట్టండి.

తిండిలో తోటకూర, మునగాకు, ఉలవలు, సజ్జలు, నువ్వులు, తినేవాళ్ళయితే వేటమాంసం, కోడి కార్జం. మా వైపు బాలింతలకి తెలగపిండి, మునగాకు కలిపి కూర చేసిపెట్టే ఆచారం ఊరికే రాలేదు. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, భోజనం అయ్యాక ఓ జామకాయ ముక్క తినండి, పుల్లటి పళ్ళల్లో ఉండే సి విటమిన్ ఇనుమును లోపలికి లాగుతుంది. పప్పుచారు, టమాటా కూర లాంటి పులుపు వంటలు ఇనప మూకుట్లో వండితే ఆ ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. వండాక మాత్రం వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే నల్లబడి కనరు వాసన వేస్తుంది. నిల్వలు బాగా తగ్గినవాళ్ళకి తిండి ఒక్కటే సరిపోదు, మాత్రలు కావలసిందే. తిండి మళ్ళీ తగ్గకుండా చూసుకోవడానికి.

మందులు కూడా ఈ బాధని పెంచుతాయి, ఇది చాలామందికి తెలియదు. జలుబుకీ దురదకీ వేసుకునే మత్తు మాత్రలు ఉంటాయి చూడండి, క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ లాంటివి, దగ్గు మందు సీసాల్లో కూడా కలుస్తాయి. నిద్ర పడుతుంది కదా అని వాటినే వేసుకుంటే కాళ్ళు ఇంకా రెచ్చిపోతాయి. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక జబ్బులకి వాడే కొన్ని మందులు, దిగులుకి వాడే మందుల్లో చాలావరకు అంతే. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపేయకండి, ముఖ్యంగా దిగులు మందులు. రాసిన డాక్టరుకి కాళ్ళ సంగతి చెప్తే మార్చడమో, తగ్గించడమో ఆయనే చూస్తారు.

గర్భిణీలకి ఏడో నెల నుంచి ఈ బాధ ఎక్కువగా వస్తుంది. కంగారు పడకండి, చాలామందికి కాన్పు అయిన కొద్ది వారాల్లోనే పోతుంది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి మర్దన, సాయంత్రం కాస్త నడక చాలు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవాలి. నాకు తెలిసి ఆ మాత్రలు గూట్లో పేరుకుపోయిన ఇళ్ళు బోలెడు. వేరే ఏ మందైనా, ఆకు పసరైనా డాక్టర్ని అడగకుండా వద్దు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కదా, వాళ్ళకి ఆ సమయమే నరకం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లో ఉందో మనకి తెలిసిందే. అలాంటి వాళ్ళు ఇంట్లో ఉంటే కాళ్ళు ఆడిస్తున్నారని కసరకండి, డయాలిసిస్ చేసేచోట చెప్పండి. కాళ్ళు వాచడం, మూత్రం తగ్గడం కూడా ఉన్నవాళ్ళు చిట్కాలు పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి. పిల్లలు రాత్రిళ్ళు కాళ్ళు పీకుతున్నాయని ఏడుస్తుంటే ఎదిగే నొప్పులులే అని కొట్టిపారేస్తాం. చాలాసార్లు అదే అవుతుంది, అయినా వాళ్ళు క్లాసులో కూడా కుదురుగా కూర్చోలేకపోతుంటే రక్తం చూపించడం మంచిది.

వారంలో మూడు నాలుగు రాత్రులు నిద్ర పోతుంటే, ఈ చిట్కాలతో నెలకి కూడా దారికి రాకపోతే, మందులున్నాయి. ఏది వాడాలో నరాల డాక్టరు చెప్పాలి. కొన్ని మందులు మొదట్లో మంత్రం వేసినట్టు పనిచేస్తాయి, ఏళ్ళు గడిచాక రాత్రి వచ్చే బాధ మధ్యాహ్నానికే మొదలై, చేతులకి కూడా పాకుతుంది. అప్పుడు మనమే ఇంకో మాత్ర పెంచుకుంటే మరీ ముదురుతుంది. అలా అనిపించగానే డాక్టరుకి చెప్పాలి.

వెళ్ళేటప్పుడు ఓ కాగితం మీద వారం రోజుల లెక్క రాసుకెళ్ళండి. ఎన్నింటికి మొదలైంది, ఎన్నిసార్లు లేచారు, నడిస్తే తగ్గిందా లేదా, ఆ రోజు కాఫీ ఎన్నిసార్లు, వాడే మందులన్నీ, నెలసరి ఎన్ని రోజులు. అక్కడికి వెళ్ళాక "కాళ్ళు ఏదోలా ఉంటాయండీ" అని ఊరుకుంటే ఆయనకేం తెలుస్తుంది? అమ్మకీ అక్కచెల్లెళ్ళకీ ఇలాగే ఉండేదా అన్నది కూడా కనుక్కుని వెళ్ళండి.

చిమ్మిలి ఎలా చేయాలో కూడా రాయమని అడిగారు కాబట్టి ఇందులోనే చెప్పేస్తున్నాను. పావుకిలో నువ్వులు రాళ్ళు లేకుండా ఏరి, కడిగి, బట్ట మీద నీడన ఆరబెట్టండి. నల్లవైనా సరే, తెల్లవైనా సరే. మూకుట్లో సన్నసెగ మీద చిటపటమనేదాకా మాత్రమే వేయించండి, రంగు మారితే చేదొస్తుంది. చల్లారాక రోట్లో కచ్చాపచ్చాగా దంచి, తరిగిన బెల్లం రెండు వందల గ్రాములు, నాలుగు ఏలక్కాయల పొడి వేసి, నూనె పైకి తేలి ముద్ద అయ్యేదాకా దంచండి. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన తిప్పితే వేడెక్కి జిగటవుతుంది. నీళ్ళ చెయ్యి తగలనివ్వొద్దు. నిమ్మకాయంత ఉండలు చుట్టుకుని రోజుకొకటి మధ్యాహ్నం తినండి, దాని వెంట టీ మాత్రం తాగకండి. షుగరు ఉన్నవాళ్ళు బెల్లం లేకుండా నువ్వులు, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి పొడి కొట్టుకుని అన్నంలో వేసుకోవచ్చు. ఉండలు తడిలేని స్టీలు డబ్బాలో పెడితే రెండు వారాలు నిల్వ ఉంటాయి, పిల్లల కంట పడకపోతే.